గీత లేని చక్రం

మా ఊరి నగరపాలక సంస్థ ఆఫీసు గేటు ముందు, ఫుట్‌పాత్ అంచున ఒక రాయి ఉంది. మిగతా రాళ్ళన్నీ ఒద్దికగా వరసలో నిలబడితే ఇది మాత్రం రోడ్డు మీదికి జానెడు పొడుచుకొచ్చి వచ్చేపోయే బళ్ళని పలకరిస్తూ ఉంటుంది. తప్పు రాయిది కాదు. మా ఊరు మునిసిపాలిటీ నుంచి కార్పొరేషన్ అయిన సంబరంలో ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ వేయించారు. తూర్పు సగం ఒక కార్పొరేటరు గారి తమ్ముడికి ఇచ్చారు, పడమటి సగం ఇంకో కార్పొరేటరు గారి వియ్యంకుడికి ఇచ్చారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎవరి కొస నుంచి వాళ్ళు రాళ్ళు పాతుకుంటూ వచ్చి ఆఫీసు గేటు దగ్గర కలవబోయేసరికి ఒకరి వరసకీ ఇంకొకరి వరసకీ జానెడు తేడా వచ్చింది. సర్దుకోవడానికి ఇద్దరికీ పౌరుషం అడ్డొచ్చింది. చివరికి మేస్త్రీ ఎవరో మధ్యలో ఒక రాయిని ఐమూలగా పాతేసి, నలుపూ తెలుపూ రంగులు కొట్టేసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు.

ఆ రాయికి మా బావమరిది కారు చక్రాన్ని రాసినవాణ్ణి నేను.

నా పేరు త్రినాథరావు. గడియారస్తంభం సెంటర్లో కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్నాను. ఈ రెండో సంగతి ఈ వ్యవహారం పొడుగునా ప్రతివాడూ నాకు గుర్తు చేశాడు కాబట్టి నేనే ముందు చెప్పేసుకుంటున్నాను.

బావమరిది పేరు ఫణి. మా ఆవిడ హైమకి తమ్ముడు, రొయ్యల మేత ఏజెన్సీ చేస్తాడు. ఈమధ్యే ఎర్ర కారు కొన్నాడు. దానికి మామూలు ఇనప చక్రాలు కాదు, అలాయ్ చక్రాలు. వాటిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. తన అత్తమామల్ని కాశీ తీసుకెళ్తూ, కారు ఇంటి దగ్గర ఒంటరిగా ఉండలేదని మా వాకిట్లో పెట్టి వెళ్ళాడు.

"రెండ్రోజులకోసారి అలా తిప్పండి బావా, బ్యాటరీ పడుకోకుండా. చక్రాలు మాత్రం..." అని ఆగాడు. వంగి ఒక చక్రాన్ని చేత్తో తుడిచాడు పాపం.

"నీకేం భయం లేదురా. మీ బావ సంగతి నీకు తెలీదూ? జాగ్రత్త మనిషి" అంది హైమ.

అత్తవారింట్లో నాకున్న ఒకే ఒక్క బిరుదు అది. మా తోడల్లుడు పెద్ద డాక్టరు, ఆయన వస్తే ఆ ఇంట్లో కుర్చీ తుడుస్తారు. నాకు కుర్చీ నేనే వేసుకోవాలి. కానీ గ్యాస్ స్టవ్వు కట్టారా, తలుపు గొళ్ళెం పడిందా అని ఎవరికైనా అనుమానం వస్తే "త్రినాథ్‌ని చూడమనండి, జాగ్రత్త మనిషి" అంటారు. ఆ పేరు హైమ కష్టపడి నిలబెట్టింది. అది పోతే ఆ ఇంట్లో నేను వట్టి అల్లుణ్ణి.

ఆదివారం నాడు హైమని ఒక సీమంతానికి తీసుకెళ్తున్నాను. ఆఫీసు గేటు మలుపులో ఎదురుగా ఆటో వచ్చింది. జాగ్రత్త మనిషిని కదా, కాస్త ఎడమకి జరిగాను. గర్‌ర్‌ర్ మని ఒక చప్పుడు. కొబ్బరికాయ కోరినట్టుగా, తీరిగ్గా, ఆసాంతం వినిపించింది.

దిగి చూశాను. ముందు ఎడమ చక్రం అంచున తెల్లటి గీత, దానికి అక్కడక్కడా నంజుకున్నట్టు నల్లరంగు. ఎదురు టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చేశారు. ఆ రాయి దగ్గర ఈ పరామర్శ రోజూ ఉండేదే.

"అందరూ రివర్సులో గీసుకుంటారు. ఈయన ముందుకెళ్తూ గీశాడు" అన్నాడొకాయన మెచ్చుకోలుగా.

"కళ్ళజోళ్ళ షాపాయన కదూ!" అన్నాడు ఇంకొకాయన. అందరూ ఎంతో ఇదిగా నవ్వారు.

హైమ కారు దిగలేదు. ఒళ్ళో చలిమిడి డబ్బా పట్టుకుని సూటిగా ముందుకి చూస్తూ కూర్చుంది. "శుక్రవారం ఫణి వస్తాడండీ. నేను వాడికి మాటిచ్చాను" అని ఊరుకుంది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

సాయంత్రం బాజీ షెడ్డుకి తీసుకెళ్ళాను. కార్లకి సొట్టలు తీసి రంగులు వేయడంలో మా ఊళ్ళో అతనే పేరున్నవాడు. చక్రం మీద వేలు తిప్పి, "ఆఫీసు రాయేగా సార్? ఆ రాయి చల్లగుండాలి. మా పాప స్కూలు చదువంతా దాని మీదే నడుస్తోంది" అన్నాడు. పుట్టీ పెట్టి, ఉప్పు కాగితం పట్టి, రంగు కొడితే కన్నతల్లి కూడా గుర్తు పట్టదని హామీ ఇచ్చాడు.

నేను అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు కడుపు మండింది. ఎవడో ఇద్దరు మాట్లాడుకోకపోతే నా బిరుదు పోవాలా? సోమవారం అర్జీల రోజు. నేరుగా కమిషనరు గారి దగ్గరికే వెళ్ళాను.

కమిషనరు నిరంజన్ గారు అప్పుడే ఏదో చల్లని దేశంలో 'నివారణాత్మక పాలన' మీద శిక్షణ పొంది వచ్చారు. వచ్చినప్పటి నుంచీ నివారించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఎదురుచూస్తున్నారట. ఆ సంగతి నాకు తెలీదు. ఆయన పక్కన ఇంజనీరు కోదండపాణి గారు కూర్చున్నారు.

"రాయి పొడుచుకొచ్చిందండీ" అన్నాను.

"పొడుచుకువచ్చుట అనునది సాపేక్షము" అన్నారు కోదండపాణి గారు. "రికార్డుల ప్రకారం ఫుట్‌పాత్ సరళరేఖలో ఉన్నది. పని సంతృప్తికరంగా పూర్తయినట్టు నేనే ధ్రువీకరించి ఉన్నాను. కావున వంకర ఏదైనా ఉన్న యెడల అది రోడ్డులో ఉండవలెను. రోడ్డు వేరే శాఖ వారిది."

"పోనీ ఆ ఒక్క రాయీ తీసేయించండి."

"తీయవలెనన్న, అది తూర్పు రాయా పడమటి రాయా అని తేల్చవలెను. తేల్చిన యెడల ఒక కార్పొరేటరు గారి మనోభావాలు దెబ్బతినును. పైగా ఘటనా సమయంలో రాయి నిశ్చలంగా ఉన్నది, చక్రం కదులుతూ ఉన్నది. ఘర్షణకు చొరవ చూపినది చక్రమే."

కమిషనరు గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. నా వైపు ఎంతో దయగా చూశారు. "త్రినాథరావు గారూ, అసలు మీకు బాధ కలిగించినది ఏది?"

"గీతండి."

"కాదు. నిన్నటి దాకా గీత లేకపోవడం. ఆ చక్రం మీద ఇదివరకే నాలుగు గీతలు ఉండి, నిన్న అయిదోది పడి ఉంటే మీరు ఈవేళ ఇక్కడికి వచ్చేవారా?"

నోరు మూసుకోవాల్సిన చోట నిజం చెప్పడం నాకున్న జబ్బు. "రాకపోదునేమోనండి" అన్నాను.

"విన్నారా కోదండపాణి గారూ!" కమిషనరు గారు బల్ల మీద గట్టిగా చరిచారు. "సమస్య రాయి కాదు. గీత కాదు. గీత లేని చక్రం! జబ్బు రాకముందే పిల్లలకి టీకా వేస్తున్నాం కదా? గీత పడకముందే ప్రభుత్వమే ఒక చిన్న గీత ఎందుకు వేయకూడదు? ఆ తరవాత ఎన్ని పడినా పౌరుడికి నొప్పి ఉండదు. ఫిర్యాదు ఉండదు."

కోదండపాణి గారి కళ్ళు చెమర్చాయి. రాయి ఉన్నచోటే ఉంటుంది, ఆయన సంతకమూ ఉన్నచోటే ఉంటుంది. నేను వచ్చిన పని ఎవరికీ గుర్తు లేదని అర్థమై నెమ్మదిగా బయటికి వచ్చాను.

మంగళవారం బాజీ కారు అప్పగించాడు. షాపులో వాడే భూతద్దం పట్టుకెళ్ళి చక్రం చుట్టూ మోకాళ్ళ మీద తిరిగాను. గీత ఉన్న చోటు ఏదో నాకే తెలియలేదు. హైమ కూడా వంగి చూసి మొదటిసారి నవ్వింది. ఆ పూట పెసరట్లలోకి ఉప్మా కూడా చేసింది. ప్రపంచంలో నా అంత సుఖపడ్డవాడు లేడనుకున్నాను.

బుధవారం పొద్దున్న మైకు పెట్టిన ఆటో వీధిలోకి వచ్చింది. "నగర ప్రజలకు శుభవార్త! ముందస్తు గీత పథకం! ప్రతి కారు యజమానీ తమ వాహనమును నగరపాలక సంస్థ వారి రాయి వద్దకు తీసుకువచ్చి, అధికారుల సమక్షంలో ఒక చక్రమునకు గీత వేయించుకొని స్టిక్కరు పొందవలెను. గీత లేని కార్లు మెయిన్ రోడ్డు మీద తిరగరాదు!"

ప్రారంభోత్సవం చూడ్డానికి అందరితోపాటు నేనూ వెళ్ళాను. రాయికి షామియానా వేశారు, పసుపు రాసి కుంకుమ పెట్టారు. ముందుగా కమిషనరు గారి తెల్ల కారుకి గీత పడాలి. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి పూజారి గారు "నిర్విఘ్నం" అని మొదలెట్టి టక్కున ఆగిపోయారు. ఇక్కడ కావలసింది విఘ్నమే. ఇంజనీరు గారి వైపు చూసి, ఆయన తల పంకించాక, ఆ ఒక్క ముక్కా మింగేసి మిగతా మంత్రం చదివారు.

అప్పుడొచ్చింది చిక్కు. కమిషనరు గారి డ్రైవరు ఆ గేటులోంచి ఏళ్ళ తరబడి రాకపోకలు సాగించి, ఆ రాయిని తప్పించడంలో చెయ్యి తిరిగినవాడు. కారు రాయి మీదికి తెచ్చాడు. చివరి క్షణంలో అతని చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పేశాయి. బ్యాండు మేళం వాళ్ళు మొదలెట్టిన పాట ఆపేశారు. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ తప్పింది. "నా వల్ల కాదు సార్, ఒళ్ళు ఒప్పుకోవట్లేదు" అని ఏడుపుమొహం పెట్టాడు. ఆఖరికి కమిషనరు గారే కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపున రాయికి రాసేశారు. గర్‌ర్‌ర్ మంది. బ్యాండు మోగింది, లడ్డూలు పంచారు. అద్దం మీద 'గీయబడినది' అని పచ్చటి స్టిక్కరు అంటించారు.

మధ్యాహ్నానికల్లా రాయి దగ్గర నుంచి సినిమాహాలు దాకా కార్ల వరస. మొదట్లో జనం తిట్టుకుంటూ నిలబడ్డారు. సాయంత్రానికి ముందు నిలబడ్డ వాళ్ళ మీద అసూయ పడ్డారు. ఒక చక్రం గీయించుకున్న వాణ్ణి చూసి పక్కవాడు రెండు గీయించుకున్నాడు. మా తోడల్లుడు నాలుగూ గీయించుకుని అత్తగారింటి ముందు కారు ఆపి, ఊళ్ళో వాళ్ళకి కనబడేలా తలుపు తీసుకుని దిగాడట. షోరూము వాళ్ళు 'గీతతో సహా డెలివరీ' అని బ్యానరు కట్టారు. వరసలో నిలబడే ఓపిక లేనివాళ్ళంతా బాజీ దగ్గరికి పోయారు. అతని షెడ్డు మీద 'గీతలు తీయబడును' అన్న బోర్డులో ఒక్క మాట మార్చి 'గీతలు వేయబడును' అని రాయించుకున్నాడు.

"పాపం కాదుటయ్యా?" అన్నాను.

"తీసినా నేనే, వేసినా నేనే. వేయడమే తేలిక సార్" అన్నాడు బాజీ, సుత్తి పక్కన పెట్టి.

దాంతో కోదండపాణి గారు నకిలీ గీతల మీద విరుచుకుపడ్డారు. అసలు గీతలో నలుపూ తెలుపూ రంగులు అంటి ఉండాలనీ, లేనివి చెల్లవనీ ప్రకటించారు. ఏమాటకామాట, పథకం ఘనవిజయం. చక్రాలు గీసుకున్నాయని ఆఫీసుకి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. గీయించుకుని ఫిర్యాదు చేసేవాడెవడు?

గురువారం కమిషనరు గారు పత్రికల వాళ్ళని పిలిచి మాట్లాడారు. మాట్లాడినాయన ఊరుకోవచ్చు కదా! "ఈ పథకానికి స్ఫూర్తి ఒక సామాన్య పౌరుడు. ప్రభుత్వం తలవకముందే, స్వచ్ఛందంగా, సొంత పూనికతో ఆ మహనీయుడు తన చక్రానికి గీత వేసుకున్నాడు. నగరంలో అదే ఆద్య గీత. ఆ కారునూ ఆయననూ శుక్రవారం ఉదయం రాయి వద్దే సత్కరిస్తాం" అన్నారు. మరునిమిషం టీ బడ్డీ వాళ్ళు ఆదివారం తీసిన ఫొటో ఊరందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. ఎర్ర కారు, గీత, పక్కన తల పట్టుకుని నేను.

 వాకిట్లోకి వెళ్ళి కారు మీద కప్పిన గుడ్డని ఇంకాస్త కిందికి లాగాను.

శుక్రవారం పొద్దున్నే ఫణి స్టేషన్ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. చేతిలో గంగాజలం చెంబు, మెడలో రుద్రాక్షలు, వెనకాల వాడి అత్తమామలు. తిట్లు పడడానికి సిద్ధంగా నిలబడ్డాను. వాడు వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"బావా! మా బోగీలో అందరికీ చూపించాను ఫొటో. మా మామగారైతే ఆ గీత ఉన్న కారులోనే ఇంటికెళ్దామని పట్టుబట్టారు. ఏదీ?"

గుడ్డ లాగేశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ ముందు చక్రం చూశాడు. కుడి ముందు చక్రం చూశాడు. వెనకవి కూడా చూసి, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చాడు.

"ఏదీ?" ఈసారి గొంతు వేరేగా ఉంది.

"బాగు చేయించాను ఫణీ. నువ్వు వచ్చేలోగా ఏమీ తెలియకుండా..." అన్నాను.

"ఎవరు చేయించమన్నారు?" వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "జాగ్రత్త మనిషని నమ్మి కారు మీ చేతిలో పెట్టాను. దానికి ఉన్న ఒక్క ఘనతా చెరిపేశారే బావా! అక్కా, నువ్వేనా మాటిచ్చింది?"

హైమ నా వైపు చూడలేదు. నాకు ఆ చూపు పడకపోవడమే గుచ్చుకుంది. తమ్ముడి చక్రం కోసం రెండు రాత్రులు నిద్రపోని మనిషి, ఇప్పుడు చక్రం బాగున్నందుకు తల దించుకుని నిలబడింది.

"ఇప్పుడేం మునిగిపోయింది? సన్మానం ఇంకా మొదలవలేదు. రాయి అక్కడే ఉంది, మళ్ళీ రాద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఫణి ముక్కు తుడుచుకుని, "మీరే నడపండి. ఆ చెయ్యే అయితే అదే గీత పడుతుంది" అన్నాడు.

అందరం కారెక్కి వెళ్ళాం. తీరా చూస్తే రాయి చుట్టూ పచ్చరంగు ఇనప కంచె. దాని మొనలు రోడ్డు మీదికి మూరెడు పొడుచుకొచ్చి ఉన్నాయి. కోదండపాణి గారు కంచె పక్కన దిగులుగా నిలబడ్డారు.

"ఇదేమిటండీ?" అన్నాను కిటికీలోంచి.

"ఏమి చెప్పుదును! ఇన్ని కార్లు రాసుకొనుటచే రాయి మూల అరిగిపోయినది. దాదాపు వరసలోకి వచ్చేసినది. ఇట్లే వదిలేసిన యెడల సమస్య పూర్తిగా అంతరించిపోవు ప్రమాదం ఉన్నది. పథకం ఏమి కావలెను? అందుకని రాయికి రక్షణ కల్పించితిమి. కొత్త రాయి వచ్చు వరకు గీతలు నిలుపుదల. మీకేమి లెండి, మీది ఆద్య గీత."

ఫణి వెనక సీట్లోంచి నా చెవిలో, "కంచె పక్కనుంచి పోనివ్వండి బావా, చక్రానికి రాయి మూల తగిలితే చాలు" అన్నాడు. వాడే దిగి ముందుకెళ్ళి చేతులు ఊపడం మొదలెట్టాడు. టీ బడ్డీ వాళ్ళు గ్లాసులతో సహా వచ్చేశారు. ఆదివారం నాడు ఎవరూ చెప్పకుండానే గీసినవాణ్ణి, ఇవాళ ఊరంతా దారి చూపిస్తుంటే స్టీరింగు ఎటు తిప్పాలో తెలియక అంగుళం అంగుళం పోనిచ్చాను.

"రానీ... రానీ... ఇంకొంచెం ఎడమ... ఇంకొంచెం..."

ఈసారి గర్‌ర్‌ర్ మనలేదు. కర్‌ర్‌ర్ మంది. కంచె మొన ముందు తలుపులో దిగబడి వెనక తలుపు దాకా చీల్చుకుపోయింది. ఫణి చేతులు గాలిలోనే ఉండిపోయాయి. వెనక సీట్లో వాడి అత్తగారు "శివ శివా" అన్నారు.

అదే సమయానికి కమిషనరు గారు శాలువాతో దిగారు. కారు చుట్టూ తిరిగి చక్రం దగ్గర ఆగారు. కోదండపాణి గారు కూర్చుని, చక్రాన్ని రెండుసార్లు తడిమి, పైకి లేచారు.

"లేదు సార్. ఈ చక్రం గీయబడలేదు. గీయబడిన ఆనవాలు కూడా లేదు."

శాలువా మళ్ళీ మడత పడింది. పక్కనే ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, స్టిక్కరు లేని బండి మెయిన్ రోడ్డు మీదికి ఎలా తెచ్చారనీ, ఇక ఇక్కణ్ణుంచి కదపడానికి వీల్లేదనీ అన్నాడు.

"గీయించుకుందామంటే రాయికి కంచె కట్టారు కదయ్యా! మరి ఈ తలుపుల సంగతి?" అన్నాను.

"తలుపుల మీది గీతలు పథకం పరిధిలోకి రావు" అన్నారు కోదండపాణి గారు.

కమిషనరు గారు మాత్రం ఆ చీలిక వెంబడి వేలు రాస్తూ వెళ్ళారు. ఆయన మొహంలో నేను సోమవారం చూసిన వెలుగే మళ్ళీ వచ్చింది. నా వైపు తిరిగి, ఎంతో దయగా, "త్రినాథరావు గారూ, ఈ తలుపు మీద ఇదివరకే ఒక గీత ఉండి ఉంటే మీకు ఇంత బాధ కలిగేదా?" అన్నారు.

నేను పళ్ళు బిగించుకున్నాను. హైమ కూడా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయనకి జవాబు అక్కర్లేదని అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్న తీరు చూస్తే తెలిసింది.

ఫణి నెమ్మదిగా వచ్చి ఎడమ ముందు చక్రం పక్కన కూర్చున్నాడు. భుజం మీది కాశీ తువ్వాలుతో దాన్ని తుడిచాడు. అద్దంలా మెరుస్తోంది, చిన్న మచ్చయినా లేదు. చీలిపోయిన తలుపుల వంక ఒకసారి చూసి, వాళ్ళక్క వైపు తలెత్తాడు.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. బావ జాగ్రత్త మనిషే. చక్రానికి ఏమీ కానివ్వలేదు."

ఆ మాట అత్తవారింట్లో ఇప్పటికీ వాడుతున్నారు. ఎవరి చేతిలోంచి ఏది జారి పగిలినా సరే, మా తోడల్లుడి దగ్గర నుంచి పసిపిల్లల దాకా "చక్రానికి ఏమీ కాలేదుగా" అని పడీ పడీ నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేస్తాను. హైమ మాత్రం నవ్వదు. లేచి వెళ్ళి నాకు కుర్చీ వేస్తుంది.